మొదటి పూస ఒట్టిది

పోయిన మంగళవారం అమీర్‌పేటలో మెట్రో దిగి బట్టల కొట్ల సందులోంచి నడిచి వస్తుంటే ఒక మ్యాచింగ్ సెంటర్ షట్టర్ దించి ఉంది. షట్టర్‌కి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. ఫోటోలో ఆమె ఎడమ కన్ను కొంచెం మూసి చూస్తోంది. కళ్లు సరిగ్గా తెరవమని ఫోటో తీసినవాడు చెప్పే ఉంటాడు. ఆమె మాత్రం అతని చొక్కా రంగేమిటో తేల్చుకునే పనిలో ఉండి ఉంటుంది. కింద పెద్ద అక్షరాల్లో పేరు ఉంది. ఆ పేరు నేను ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివర్లో చెబుతాను.

షట్టర్ ముందు ముగ్గురు ఆడవాళ్లు చీరల సంచులు పట్టుకుని నిలబడ్డారు. ఒకావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. "ఇగ మాకు మ్యాచింగ్ ఎవరు జూస్తరు" అంటోంది పక్కావిడతో. నాకు ముందు దుఃఖం రాలేదు. దాచడం ఎందుకు, ముందు వచ్చింది అసూయే. నేను పోతే నా పని గురించి ఇలా కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఒక్కరైనా ఉంటారా అని లెక్క చూసుకున్నాను. ఎవరూ తేలలేదు.

ఇరవై ఏళ్లు దాటిన సంగతి. అప్పట్లో అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కోర్సుల బోర్డులే. నేను కృష్ణా జిల్లా నుంచి జువాలజీ ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసు పట్టుకుని వచ్చి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో గదికి నలుగురం ఉంటూ, ఊపిరాడని హాల్లో వందమంది మధ్య కూర్చుని జావా నేర్చుకున్నాను. నేర్చుకోవడం పూర్తయ్యేసరికి ఉద్యోగాలు ఆగిపోయాయి. చివరికి పంజగుట్టలో, బాత్రూం టైల్సు అమ్మే కొట్టు పైన మూడో అంతస్తులో, డేటా ఎంట్రీ ఆఫీసులో దొరికింది పని. జువాలజీ చదివినవాళ్లే కావాలన్నారు. అలా నేను క్యూసీ అయ్యాను. అంటే మిగతావాళ్లు కంప్యూటర్‌లో ఎక్కించినదాన్ని చూసి తప్పు పట్టేవాణ్ని. ఆ పదవి నా స్వభావానికి బాగా నప్పింది.

పనేమిటంటే, విదేశంలో ఒక మ్యూజియం వాళ్ల దగ్గర ఎప్పుడో సీసాల్లో మందు పోసి నిలవ చేసిన న్యూట్లు ఉన్నాయి. చిన్న తోక ఉన్న, నీళ్లలోనూ నేల మీదా బతికే జీవులు. ఒకప్పుడు అవన్నీ ఒకే జాతి అనుకుని ఒకే పేరు రాసి పెట్టారు. తర్వాత అవి ఒకటి కాదు, నాలుగు అని తేలింది. పాత సీసాల్లో ఏది ఏ జాతిదో ఇప్పుడు విడగొట్టాలి. అందుకని వాళ్లు ఎక్స్‌రే ఫిల్ముల నకళ్లు, బతికున్నప్పుడు తీసిన పొట్ట ఫోటోలు, చీటీల కాపీలు డబ్బాల్లో పంపేవారు. మేం స్కాన్ చేసి, కొలతలు ఎక్కించి, నాలుగు పేర్లలో ఒకటి పెట్టాలి. న్యూట్‌ని మాలో ఒక్కరూ కళ్లతో చూసి ఎరగరు. మన వైపు అవి లేవు, తెలుగులో పేరూ లేదు.

మొదటిరోజు మేనేజర్ గారు ఒక ఫోటో పైకెత్తి, "ఇవి ఫారిన్ బల్లులండీ" అన్నారు. నేను కాదని చెప్పబోయి, ముందు గొంతు సవరించుకున్నాను. ఆలోపే వెనక కుర్చీలోంచి ఒక గొంతు వచ్చింది.

"బల్లికి గోర్లుంటయి సార్. దీనికి లెవ్వు. గిది కప్పకు చుట్టం."

ఆమె బోరబండ నుంచి వచ్చేది. బీఎస్సీ మాత్రమే. నాకంటే మూడు నాలుగేళ్లు చిన్న. ఆరోజు నుంచి ఆఫీసులో అందరూ వాటిని తోక కప్పలు అనడం మొదలుపెట్టారు. నేను చెప్పాల్సిన మాట ఆమె చెప్పేసింది. గొంతు సవరించుకోవడానికి నాకు పట్టిన ఆ రెండు క్షణాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

నాలుగు జాతులకీ నోరు తిరగని లాటిన్ పేర్లున్నాయి. ఆమె వాటితో పెట్టుకోలేదు. పక్కటెముకలున్న వెన్నుపూసలు ఎన్నుంటే అదే పేరు. పదమూడోళ్లు, పద్నాలుగోళ్లు, పదిహేనోళ్లు. పదహారో పదిహేడో ఉండి, చేతులు పొట్టిగా నడుం పొడుగ్గా ఉన్నవాళ్లు పదహారోళ్లు. "పదహారోళ్లది నడుం పొడుగు, ఇంట్ల అందరికీ గంతే" అనేది, ఎదురింటివాళ్ల గురించి చెప్పినట్టు.

నాకు ఒక పద్ధతి ఉండేది. చేతి పొడవు కొలిచి, చేతికీ కాలికీ మధ్య దూరంతో భాగించి, వందతో హెచ్చించేవాణ్ని. అది పుస్తకాల్లో ఉన్న పద్ధతే. స్కేలు, క్యాలిక్యులేటరు, పెన్సిలు వరసగా పెట్టుకుని నేను ఒకటి తేల్చేలోపు ఆమె నాలుగు తేల్చి, చల్లారిన టీ తాగుతుండేది. సరిచూసినప్పుడు నా లెక్కా ఆమె మాటా ఒకటే అయ్యేవి. ఒకటి కాకపోతే నా లెక్కలోనే ఎక్కడో పొరపాటు దొరికేది. అది నేను ఎవరికీ చెప్పకుండా చెరిపి దిద్దుకునేవాణ్ని.

ఆ చూపు ఆమెకి కాలేజీలో రాలేదు. వాళ్ల నాన్నకి అమీర్‌పేట సందులో మ్యాచింగ్ సెంటర్ ఉండేది. బడి అయ్యాక ఆమె అక్కడే కూర్చుని పెరిగింది. చీర పట్టుకొచ్చిన ఆడవాళ్లకి జాకెట్ గుడ్డ కలిపి చూపించడం ఆ కొట్టు పని. ఒక్క మెరూన్‌లోనే నలభై తాన్లుంటాయట. వాటిని ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలవాలట. ఆమె పొట్ట ఫోటోలు చూసి నారింజ రంగు అని ఎప్పుడూ రాసేది కాదు. మెంతి, ఇటుక, పండిన నిమ్మ, కనకాంబరం అని రిమార్కుల గడిలో రాసేది. నేను కొట్టేసేవాణ్ని.

"మెంతి రంగంటే వాళ్లకేం తెలుస్తుందండీ?"

"వాళ్లకు దెల్వకుంటె మెంతులు పంపుదాం సార్" అనేది. ఆఫీసంతా నవ్వేది. మేనేజర్ గారు కూడా నవ్వేవారు. నేను ఏడాదిగా ఆయన్ని నవ్వించాలని చూస్తున్నాను.

ఆమెకి మరో అలవాటు ఉండేది. ఏ ఫిల్ము అయినా అనుమానం వస్తే లేచి మెట్ల దగ్గరున్న కిటికీకి వెళ్లేది. కింద పంజగుట్ట సర్కిల్‌లో బస్సులు హారన్లు కొడుతుంటే, ఆమె ఫిల్ము ఎత్తి పట్టుకుని, ఎడమ కన్ను సగం మూసి, గుండుసూది మొనతో ఒక్కో ఎముకనీ తాకుతూ లెక్కపెట్టేది. "ట్యూబులైటు కింద ఏదీ నిజం గాదు సార్" అనేది. మ్యాచింగ్ సెంటర్లో కూడా అంతేనట, చీరని బయటికి తీసుకెళ్లి ఎండలో చూడందే గుడ్డ కోయరట. కొన్నాళ్లకి మిగతావాళ్లు కూడా అనుమానం ఉన్న ఫిల్ములు పట్టుకుని కిటికీ దగ్గర వరస కట్టేవారు. క్యూసీని నేను. వరస మాత్రం అక్కడ.

ఒకసారి నేనూ వెళ్లాను, తనిఖీకి వచ్చినట్టు. పాత సీసాలోని ఒకదాని ఫోటో ఉంది ఆమె చేతిలో. మందులో నాని నాని రంగంతా పోయి పాలిపోయింది. ఇక దీనికి జాతి ఎలా చెబుతారని అడిగాను. ఆమె మచ్చల అంచుల మీద సూది నడిపించింది.

"రంగు దిగుతది సార్, అంచు దిగది. గీ మచ్చల అంచు సాఫుగ ఉంది, కత్తిరించినట్టు. పదిహేనోళ్లు. పద్నాలుగోళ్లదైతే అంచు అలుక్కపోతది."

నేను అలాంటివి పరీక్షల కోసం బట్టీ పట్టాను. ఆమె చూసింది. ఈ తేడా నన్ను రోజూ తినేది. రాత్రి హాస్టల్ మంచం మీద పడుకుని అంచు దిగదు, అంచు దిగదు అనుకునేవాణ్ని. మర్నాడు ఆ మాటే నాదిగా మేనేజర్ గారితో చెప్పాను. ఆయన ఫైలులోంచి తలెత్తకుండా, "ఆ, ఆ అమ్మాయి నిన్ననే చెప్పిందండీ" అన్నారు.

అసలు సంగతి వెన్నుపూసల దగ్గర వచ్చింది. కొత్త డబ్బాలు చాలా వచ్చాయి. అందరూ ఒకేలా లెక్కపెట్టాలని నేను రూలు రాసి, ప్రింటు తీసి, గోడకి నాలుగు మూలలా టేపు వేసి అంటించాను. తల వెనక మొదటి పూస నుంచి తుంటి దాకా లెక్కపెట్టాలి అని. అంటించి వెనక్కి తిరగ్గానే ఆమె లేచింది.

"సార్, మొదటి పూస ఒట్టిది. దానికి పక్కటెముక లేదు. రెండో దానికాంచి లెక్కవెట్టాలె."

ఆఫీసు మొత్తం చేతులు ఆపి నావైపు చూసింది. ఎమ్మెస్సీ చదివిన నేను ఏమంటానా అని.

"రూలు రూలేనండీ. ఎవరికి తోచినట్టు వాళ్లు లెక్కపెడితే క్యూసీ ఎందుకు?" అన్నాను.

"సరే సార్" అని కూర్చుంది.

సాయంత్రం అందరూ వెళ్లాక ఒక ఫిల్ము పట్టుకుని ఆ కిటికీ దగ్గరికి వెళ్లాను. ఇంకా వెలుగుంది. లెన్సు పెట్టి చూశాను. మొదటి పూస ఒట్టిదే. అటు ఏమీ లేదు, ఇటు ఏమీ లేదు. మ్యూజియం వాళ్ల కాగితంలో కూడా పక్కటెముకలున్న పూసలు అనే రాసి ఉంది. నేను తొందరలో సరిగ్గా చదవలేదు. అప్పుడు గోడ దగ్గరికి వెళ్లి ఆ కాగితం పీకేసి, ఇంకోటి అంటించి ఉంటే పది నిమిషాల పని. నేను చేయలేదు. ఆమె అందరి ముందూ చెప్పింది కాబట్టి చేయలేదు. ఇంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

మూడు వారాలు అలాగే నడిచింది. ఒక పూస ఎక్కువైతే ఏమవుతుంది? పదమూడోళ్లు పద్నాలుగోళ్లయ్యారు, పద్నాలుగోళ్లు పదిహేనోళ్లయ్యారు. జాతికి జాతే పక్కింట్లోకి మారిపోయింది. ఆమె నా రూలు ప్రకారమే అంకె వేసింది. కానీ తన ఫిల్ములకీ, తన దగ్గరికి వరస కట్టినవాళ్ల ఫిల్ములకీ, రిమార్కుల గడిలో చిన్నగా రాసేది. మొదటిది ఒట్టిది, అసలు ఇన్ని అని. బయటికి పంపే ముందు నేను ఆ గడి మొత్తం ఖాళీ చేసేవాణ్ని. మూలప్రతి మాత్రం నా కంప్యూటర్లో ఉండిపోయింది.

పని వెనక్కి వచ్చింది. ముందు పంపినవాటికీ ఈ మూడు వారాల అంకెలకీ పొంతన లేదు, ఎవరు ఎక్కడి నుంచి లెక్కపెట్టారో తెలియడం లేదు, వారంలో సరిచేయకపోతే ఇంకెవరికైనా ఇస్తామని రాశారు మ్యూజియం వాళ్లు. మేనేజర్ గారు నన్ను గదిలోకి పిలిచారు. వెళ్లే ముందు నేను గోడ మీద కాగితం పీకి, మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పటికి నాకే తెలియదు. గదిలో కూర్చున్నాక తెలిసింది.

"ఏంటండీ ఇది? ఎవరు చెప్పారు ఈ లెక్క?" అన్నారాయన. నా ముందు ఒక ఫారం పెట్టారు. అందులో ఏం తప్పు, ఎవరి వల్ల అని గడులున్నాయి.

"అందరూ అనుమానాలు ఆ అమ్మాయినే అడుగుతారు కదండీ" అన్నాను.

అబద్ధం ఒక్క అక్షరం లేదు ఆ వాక్యంలో. ఆయనే మిగతాది కలుపుకున్నారు. పెన్ను నా చేతికిచ్చారు. రెండో గడిలో నేను ఆమె పేరు రాశాను, ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా.

రేపట్నుంచి రావద్దని చెప్పే పని కూడా నాకే అప్పగించారు. ఆమె కిటికీ దగ్గరే ఉంది. తప్పుల ఫారంలో ఆమె పేరుందని, అందుకే రావద్దన్నారని చెప్పాను. ఆమె ముందు గోడవైపు చూసింది. అక్కడ నాలుగు టేపు ముక్కలే ఉన్నాయి.

"పేరు మీరు రాసిండ్రా సార్?"

"మేనేజర్ గారు రాశారండీ."

"జర ఇటు తిరుగుండ్రి" అంది.

వెలుగువైపు తిరిగాను. ఆమె ఎడమ కన్ను సగం మూసి నా మొహం చూసింది, తొందర లేకుండా, గుడ్డ కోసే ముందు చీర చూసినట్టు. తర్వాత "సరే సార్" అని, గుండుసూది నా చేతిలో పెట్టి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆమె రిమార్కులన్నీ నా దగ్గరున్నాయి కదా. వాటిని చూసి, మిగతావాటిలో ఒక్కో పూస తగ్గించి, రెండు రోజుల్లో పని మొత్తం సరిచేశాను. చాలా నిశితమైన పరిశీలన అని మ్యూజియం నుంచి ఉత్తరం వచ్చింది, నా పేరుమీద. దాన్ని చూపించే నేను తర్వాత ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం సంపాదించుకున్నాను. అక్కడా తప్పులు పట్టడమే.

కొన్నేళ్లకి మా ఆవిడ ఒక చీర తీసుకుని, ఎక్కడా జాకెట్ గుడ్డ కలవడం లేదని, నన్ను వెంటబెట్టుకుని అమీర్‌పేట వచ్చింది. ఎవరో చెప్పారట, ఫలానా సందులో ఒకావిడ ఉంది, ఆమె చేయి పడితే కలవని రంగు లేదని. సందు మలుపులో నేను నాలుగడుగులు వెనకబడ్డాను. వాళ్ల నాన్న కుర్చీలో ఆమె కూర్చుని ఉంది.

నన్ను చూసింది. "నమస్తే సార్, బాగున్నరా?" అంది. మా ఆవిడ చీర అందుకుని, నాలుగు తాన్లు లాగి, "సార్, గీ కొస వట్టుకోండ్రి" అని నన్నే బయటికి నడిపించింది. సందులో ఎండలో చీర ఒక కొస నేను, ఒక కొస ఆమె.

"అక్కా, గీ రెండూ ఒక్కతీరు గొడుతయి. కావు. నీ చీర్ల నీలం దాగుంది, గీ గుడ్డల లేదు. ఇగో, గిది నీది."

మా ఆవిడ మురిసిపోయింది. గుడ్డ మడుస్తూ ఆమె నన్నడిగింది, మామూలుగా, ఆఫీసులో టీ తాగుతూ అడిగినట్టు.

"సార్, గా తోక కప్పలు ఇంక నాలుగేనా? పదమూడోళ్లల్ల సుత రెండిండ్లున్నట్టు అనిపించేది నాకు. చెప్పేలోపట పని వాయె."

"నాలుగేనండీ" అన్నాను. అందులో కూడా నాకు సంతోషమే కలిగింది, ఆమె పొరబడిందని.

ఇంటికొచ్చేదాకా మా ఆవిడ ఆమెనే పొగిడింది. తర్వాత మా ఇంట్లో ఏ చీర కొన్నా అక్కడికే వెళ్లేది. ఆవిడ కన్ను కన్ను కాదండీ అనేది. నేను పేపరు తిప్పుతూ కూర్చునేవాణ్ని.

ఆ తర్వాత కొన్నేళ్లకి, ఊరికే ఫోన్‌లో ఏదో చూస్తుంటే తెలిసింది. ఆ పదమూడోళ్లు ఒక జాతి కాదట. ఎముకల లెక్క ఒకటే, పైకి చూస్తే తేడా చెప్పడం దాదాపు అసాధ్యమట, జన్యువులు చూసి విడదీశారట. మరి కంటికి ఆనని తేడా ఆమెకి ఎలా ఆనింది? నిజంగా ఆనిందా, ఊరికే అందా? ఊరికే అందని నమ్మాలని నాకు చాలా కోరిక. నమ్మలేకపోతున్నాను.

ఈ మాట ఆమెకి చెప్పాలనుకున్నాను. మీరన్నదే నిజమైందండీ అని. ఆ ఒక్క వాక్యానికి మెట్రో దిగి వంద అడుగులు వేస్తే చాలు. కానీ అది చెబితే ఆమె ఇటు తిరుగుండ్రి అంటుంది. అప్పుడు పేరు రాసింది నేనేనని కూడా చెప్పాలి. అందుకని ఏళ్ల తరబడి రెండో గేటు నుంచి దిగి, చుట్టూ తిరిగి, ఆటో ఎక్కి వెళ్లాను. పోయిన మంగళవారం ఆ గేటు దగ్గర ఎస్కలేటర్ పాడై ఇటు వచ్చాను.

ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడ్డాను. కళ్లు తుడుచుకున్న ఆవిడ నా వైపు తిరిగి, "మీరేమైతరు అన్నా ఆమెకు?" అనడిగింది. ఒకప్పుడు కలిసి పనిచేశామన్నాను. "మస్తు అదృష్టం మీది" అంది ఆవిడ. అవునన్నాను.

పేరు ఎందుకు రాయనో చెబుతానన్నాను కదా. ఆమె పేరు నేను జీవితంలో ఒకే ఒక్కసారి రాశాను, ఎవరి వల్ల అనే గడిలో. అదే చేత్తో రెండోసారి, ఇలా మెచ్చుకుంటూ రాస్తే, మొదటిది చెరిగిపోయిందని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. చెరగకూడదు. ఆ గడిలో ఉండాల్సిన పేరు ఇంకొకటి ఉంది. అది ఈ వ్యాసం పైన, రాసినవారి పేరు వేసే చోట, అచ్చయి ఉంటుంది.